సడలిస్తే బాగుపడేదెవరు?

పశ్చిమ కర్నూలు చేలల్లో ఏటా తగలబెట్టే పత్తి కట్టెను గ్యాసుగా మార్చి పైపుల్లోకి ఎక్కిస్తే ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతాల కరువు తీరుతుందనీ, దానికి అడ్డం పడుతున్నవి నాణ్యతా నిబంధనలేననీ ఒక వాదన కొన్నాళ్లుగా చలామణీలో ఉంది. 2024 అక్టోబరులో రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం వచ్చింది. ఆ వెంటనే 500 బయోగ్యాస్ ప్లాంట్లకు రిలయన్స్‌తో ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన కూడా జరిగింది. అప్పట్నుంచి ఈ వాదన ఇంకా ఊపందుకుంది. పెద్ద కంపెనీలు ఎలాగూ తట్టుకుంటాయి, చిన్న ప్లాంటు పెట్టుకునే రైతు సంఘానికి ఈ ప్రమాణాలు గుదిబండలు, కాబట్టి పల్లె ప్లాంట్లకు సడలింపు ఇవ్వాలి అన్నది దాని సారాంశం. వినడానికి న్యాయంగానే ఉంటుంది, బక్క రైతు పక్షాన మాట్లాడినట్టూ ఉంటుంది. అయితే సడలింపు వల్ల నష్టపోయేవాళ్ల జాబితా రాస్తే మొదట రాయాల్సింది ఆ రైతు పేరే. నిబంధన వల్ల ఆగిపోయిందని చెబుతున్న పని నిజానికి వేరే కారణాల వల్ల ఆగింది. ఆ కారణాలు చెప్పడం కష్టం గనుక నిందంతా నిబంధన మీదికి తోస్తున్నారు.

ఆ నిబంధన ఏం చెబుతోందో ముందు చూద్దాం. శుద్ధి చేసిన బయోగ్యాస్‌కు మన దేశంలో ఐఎస్ 16087 అనే ప్రమాణం ఉంది, దాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం మించకూడదు. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, ఆక్సిజన్ మూడూ కలిపి 10 శాతం లోపు, అందులో ఆక్సిజన్ అర శాతం లోపు ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో సహా మొత్తం గంధకం ఘనమీటరుకు 20 మిల్లీగ్రాములు, తేమ 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక పేడ, కుళ్లిన కూరగాయలు మురగబెట్టే డైజెస్టర్ నుంచి నేరుగా వచ్చే గ్యాసు సంగతి చూస్తే, అందులో మీథేన్ 60 శాతం అటూ ఇటూ ఉంటుంది, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడే. హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల వంతుల్లో వందల నుంచి వేల వంతుల దాకా పోతుంది. గ్యాసు తేమతో నిండి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గ్యాసు దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది, అంటే 30,000 మిల్లీగ్రాములు. దాన్ని అయిదుకు దించాలి. ఇంత దూరం చూసి ఎవరైనా బెదిరిపోతారు, సడలింపు కోరేవాళ్ల మీద సానుభూతి కలిగేదీ ఇక్కడే. కానీ ఆ 5 ఎందుకు పెట్టారో అడగకుండా 50 చేయమనడం, మందు మోతాదు ఎందుకో తెలుసుకోకుండా చీటీ దిద్దమనడమే.

అది ఎందుకో తెలుసుకోవడానికి విదేశాలకు పోనక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలి, కమ్ముకున్న గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు, నిద్రలో ఉన్న మనుషులు కలిసి కాలిపోయారు. పైపు లోపలినుంచి తినేసుకుపోవడమే కారణమని తర్వాత జరిగిన విచారణలో తేలింది. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు పంపారు. అక్కడి తాటిపాక గ్యాసు కేంద్రంలో తేమ తీసే యూనిట్ పెట్టాల్సి ఉండగా పెట్టలేదు. గ్యాసులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి ఆమ్లంగా మారి, పైపు అడుగున నిలిచి, ఏళ్ల తరబడి ఉక్కును కొరుక్కుతింది. ఇది బయోగ్యాస్ కథ కాదు, భూమిలోంచి వచ్చిన సహజవాయువు కథ అని అంటారని తెలుసు. ఆ మాటే నా వాదనకు బలం. సహజవాయువులో కార్బన్ డయాక్సైడ్ తక్కువ, శుద్ధి చేయని బయోగ్యాస్‌లో అది మూడో వంతు పైమాటే, దానికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా. తక్కువ ఆమ్లంతోనే నగరం కాలిపోతే ఎక్కువ ఆమ్లానికి హద్దులు సడలించమనడం ఏ లెక్క? అప్పుడు చచ్చిపోయింది గ్యాసు అమ్మినవాళ్లూ కాదు, కొన్నవాళ్లూ కాదు. పైపు తమ ఇళ్ల పక్కనుంచి పోవడం తప్ప ఇంకే పాపమూ ఎరగని పల్లెజనం.

దీనికి రెండు జవాబులు వస్తాయి. రెండూ తేలిగ్గా తీసేయదగ్గవి కావు. మొదటిది, ఇప్పుడు పట్టణ గ్యాసు లైన్లు ఎక్కువగా పాలిథిలిన్ గొట్టాలు, ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు కదా అన్నది. నిజమే, గొట్టానికి పట్టదు. కానీ గొట్టం రెండు కొసలా ఉన్నవి ప్లాస్టిక్ కావు. ముందువైపు ఉక్కు లైను, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్లు, వెనకవైపు మీటరు, ఇత్తడి బర్నరు ఉంటాయి. గంధకం తగిలిన ఇత్తడి, రాగి నల్లబడి పొరలు లేస్తాయి, రెగ్యులేటరులోని సన్నటి దారి మూసుకుపోతుంది. సీఎన్‌జీ బంకు దగ్గర గ్యాసును 200 బార్ల పైన అదుముతారు. ఆ ఒత్తిడిలో మిగిలిన కాస్త తేమ కూడా బయటపడి సిలిండరు గోడకు అంటుకుంటుంది. ఆ సిలిండరు ఆటోలో ప్రయాణికుల సీటు కింద ఉంటుంది. తక్కువ ఒత్తిడితో నాలుగు ఊళ్లకే పరిమితమైన ప్లాస్టిక్ లైనుకు 5 మిల్లీగ్రాముల తేమ హద్దు అవసరానికి మించినదని ఎవరైనా లెక్కగట్టి చూపిస్తే ఒప్పుకోవచ్చు. ఆ లైను ఎప్పటికీ పెద్ద లైనుతో కలవదనీ, దాని మీద సీఎన్‌జీ బంకు పెట్టరనీ రాసివ్వాలి. అలా రాసిచ్చేవాళ్లను ఇంతవరకు చూడలేదు, ఎందుకంటే ప్లాంటు లాభమంతా పెద్ద లైనుతో కలవడంలోనే ఉంది.

రెండో జవాబు ఇంకా తెలివైనది. పెద్ద లైనులో కలిసేది ఒక శాతమో మూడు శాతమో, సముద్రంలో కాకిరెట్టంత, దానికింత రాద్ధాంతమెందుకు అంటారు. జాతీయ జీవ ఇంధనాల సమన్వయ కమిటీ 2023 నవంబరులో ప్రకటించిన మిశ్రమ విధిని ఆధారంగా చూపిస్తారు. సీఎన్‌జీ, ఇంటి గ్యాసు వాడకంలో 2025-26లో 1 శాతం, మరుసటి ఏడు 3, ఆపైన 4, 2028-29 నుంచి 5 శాతం బయోగ్యాస్ ఉండాలన్నది ఆ విధి. కానీ ఆ శాతాలు దేశం మొత్తానికి పద్దు పుస్తకంలో వేసే లెక్కలు. గ్యాసు పద్దు పుస్తకంలో ప్రవహించదు. ప్లాంటు దగ్గర లైనులోకి ఎక్కిన గ్యాసు ముందు చేరేది పక్క వీధికి. డైజెస్టర్‌లో సూక్ష్మజీవులు రాత్రీ పగలూ గ్యాసు పుట్టిస్తూనే ఉంటాయి, వాటికి స్విచ్చు లేదు. చిన్న పట్టణంలో రాత్రి పదకొండు తర్వాత వంట ఉండదు, వాడకం దాదాపు సున్నా. అప్పుడు ఆ వీధి గొట్టంలో ఉండేది ఒక శాతం కాదు, వందకు దగ్గర. తెల్లారి స్టవ్వు వెలిగించే ఇల్లాలికి వచ్చేది అదే గ్యాసు. ఆ గ్యాసులో మీథేన్ తగ్గితే ఏమవుతుందో లెక్కే చెబుతుంది. 60 శాతం మీథేన్, 40 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసుకు వేడి 40 శాతమే తగ్గుతుందనుకుంటాం. కానీ బరువైన గ్యాసు బర్నరు జెట్‌లోంచి నెమ్మదిగా పోతుంది. రెండూ కలిస్తే అదే స్టవ్వు మీద అందే వేడి సగానికన్నా తక్కువ. మంట రంధ్రాన్ని వదిలి పైకి లేచి, బుసబుసమని ఊగి ఆరిపోతుంది. మంట ఆరినా గ్యాసు ఆగదు. గోబర్ గ్యాస్ స్టవ్వుకు జెట్ రంధ్రం వెడల్పుగా పెట్టేది ఇందుకే. రెండు రకాల స్టవ్వులకు ఒకే గొట్టం పనికిరాదు.

ధర సంగతి దీనికన్నా రుచికరం. సీఎన్‌జీని బంకులో కిలోల లెక్కన అమ్ముతారు. మీథేన్ అణుభారం 16, కార్బన్ డయాక్సైడ్‌ది 44, నైట్రోజన్‌ది 28. కాబట్టి ఘనపరిమాణంలో 90 శాతం మీథేన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్, 6 శాతం నైట్రోజన్ ఉన్న గ్యాసును తూకం వేస్తే వంద కిలోల్లో మీథేన్ 81 కిలోలే. అంటే ఇప్పటి ప్రమాణం అంచున ఉన్న గ్యాసులోనే అయిదో వంతు మండని సరుకు. ప్రమాణాన్ని 80 శాతానికి దించి మిగతాది కార్బన్ డయాక్సైడ్ కానిస్తే వంద కిలోల్లో మీథేన్ 60 కిలోలు కూడా ఉండదు. ఊరి పాలకేంద్రంలో వెన్న శాతం చూడనిదే లీటరుకు డబ్బులివ్వరు. అదే ఊరి గ్యాసుకు మాత్రం కొలత వద్దంటున్నారు. ఆదోనిలో ఆటో నడుపుకునేవాడు కిలోకు పూర్తి ధర కట్టి కార్బన్ డయాక్సైడ్ కొనుక్కుంటే లాభం ఎవరిదో విడమరిచి చెప్పాలా?

సడలింపు అడిగేవాళ్లు గట్టిగా పట్టుపట్టేది ఆక్సిజన్ హద్దు మీద. దాని వెనక చిన్న కిటుకు ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలించుకోవడానికి అన్నిటికన్నా చవక దారి, డైజెస్టర్ పైభాగంలోకి చిన్న పంపుతో కాస్త గాలి ఊదడం. ఆ గాలిలోని ఆక్సిజన్‌తో అక్కడి సూక్ష్మజీవులు గంధకాన్ని పసుపు పొడిగా మార్చి గోడల మీద వదిలేస్తాయి. గ్యాసును అక్కడే ఇంజనులో మండించి కరెంటు తీసుకునేవాళ్లకు ఈ పద్ధతి భేషుగ్గా సరిపోతుంది. పైపులోకి పంపాలంటే సరిపోదు. ఊదిన గాలిలో అయిదు పాళ్లకు నాలుగు పాళ్లు నైట్రోజనే, దాన్ని నీటితో కడిగితే పోదు, విడదీయడం చాలా ఖరీదు. మిగిలిన ఆక్సిజన్ తుప్పుకు తోడవుతుంది. అందుకని అర శాతం హద్దు ఆ కిటుకును పట్టేస్తుంది. దానికి బదులు డైజెస్టర్‌లోనే ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి గంధకాన్ని ఇనుముకు కట్టేయవచ్చు, గ్యాసును ఐరన్ ఆక్సైడ్ పొరల గుండా పంపవచ్చు. ఇవేవీ ప్రయోగశాలకు పరిమితమైన విద్యలు కావు. ఖర్చు ఉంటుంది, నిజం. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్‌తో బేరాలాడకూడదు. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, పది లక్షల్లో వంద వంతులు దాటాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అయిదారు వందలు దాటితే ప్రాణం తీస్తుంది. డైజెస్టర్ గొయ్యి శుభ్రం చేయడానికి దిగే కూలీకి వాసన పోయిందంటే గండం గడిచినట్టు తోస్తుంది.

అసలు ఆలూరు వైపు గ్యాసుగా మార్చడానికి ఏముందో చూస్తే, ప్రమాణం అడ్డమన్న మాట ఇంకా పలచనవుతుంది. జొన్న చొప్ప, వేరుశనగ కట్టె పశువుల నోటికే చాలడం లేదు, వాటిని వ్యర్థమని పిలిచేవాడు వేసవిలో ఇక్కడి పశువులను చూడలేదు. మిగిలేది పత్తి కట్టె, కంది కట్టె. అవి కొయ్య జాతి. డైజెస్టర్‌లోని సూక్ష్మజీవులకు లిగ్నిన్ అరగదు. వాటిని గ్యాసు చేయాలంటే గాలి తక్కువగా పెట్టి అధిక వేడిలో కాల్చాలి. అప్పుడు వచ్చేది బయోగ్యాస్ కాదు, సుమారు సగం నైట్రోజన్, మిగతాదాంట్లో హైడ్రోజన్‌తో పాటు ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్, కాసింత మీథేన్, తారు. దాన్ని పైపుకు పనికొచ్చే మీథేన్‌గా మార్చడం పెద్ద రసాయన కర్మాగారం పని. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆ పని చేసి చూశారు. కొయ్య నుంచి మీథేన్ తీసే గోబీగ్యాస్ ప్లాంటు 2014 చివర్లో గ్యాసును లైనులోకి పంపింది, నాణ్యతకు ఏ లోటూ రాలేదు. అయినా 2018లో మూసేశారు, ధర గిట్టుబాటు కాలేదు కాబట్టి. ఇక మన దగ్గర పత్తి తీత అయిపోయాక కట్టె పీకి పోగుచేయడానికి మనుషులేరీ? సగం ఊరు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయి ఉంటుంది. నేపియర్ గడ్డి పెంచుతామంటారు, దానికి నీళ్లు కావాలి. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు వరికే గొంతు తడవని చోట గడ్డికి తడి ఎవరిస్తారో ముందు చెప్పాలి. నిబంధన పుస్తకంలో ఈ సమస్యలకు ఒక్క పేజీ కూడా లేదు.

దేశం మొత్తం మీద జరిగిందీ ఇదే. బయోగ్యాస్‌ను ప్రోత్సహించడానికి కేంద్రం 2018 అక్టోబరులో మొదలుపెట్టిన సతత్ పథకం 2023-24 నాటికి 5,000 ప్లాంట్లు పెడతామంది. గడువు ముగిసేసరికి అందులో చిన్న భాగమే పూర్తయింది. మొదట్లో కిలోకు 46 రూపాయల ధర హామీ ఇచ్చారు. పెట్టుబడిదారులు చెప్పిన ఇబ్బందులు బ్యాంకు రుణం, ఏడాది పొడవునా ముడిసరుకు, గ్యాసు తీసిన తర్వాత మిగిలే ఎరువుకు గిరాకీ లేకపోవడం. ఆ ఎరువు అమ్ముడుపోవడానికి 2023లో కేంద్రమే టన్నుకు 1,500 రూపాయల సహాయం ప్రకటించాల్సి వచ్చిందంటే ముడి ఎక్కడ పడిందో తెలుస్తూనే ఉంది. ప్లాంటు నుంచి గ్యాసు లైను దాకా గొట్టం వేయడానికి 994.50 కోట్ల పథకం కూడా పెట్టారు. ఇవన్నీ డబ్బు సమస్యలు, వీటికి డబ్బుతోనే మందు వేశారు. నాణ్యతను కోసి వీటిలో దేన్నీ నయం చేయలేం.

ప్రమాణాలు శిలాశాసనాలా, మార్చకూడదా అని అడిగితే, మార్చవచ్చు. కొలిచి మార్చాలి. కాలిఫోర్నియాలో సరిగ్గా ఇదే పేచీ వచ్చినప్పుడు అక్కడి శాస్త్ర సాంకేతిక మండలి 2018లో పరిశీలించి, కనీస ఉష్ణ విలువను కొద్దిగా తగ్గించినా ఫరవాలేదని చెప్పింది. చెత్త దిబ్బల గ్యాసులో ఉండి మండాక ఇసుక పొరగా పేరుకునే సిలాక్సేన్ల హద్దు సడలించడానికి మాత్రం తగిన ఆధారం లేదంది. ఒక్కో అంకెను విడిగా తూచడమంటే ఇదీ. మన దగ్గర అడుగుతున్నది మొత్తానికి మాఫీ. ఇక ఖర్చు సంగతికి వస్తే జర్మనీ 2010 నాటి నిబంధనలు చూడదగ్గవి. అక్కడ నాణ్యత హద్దు దించలేదు, ఖర్చు పంచారు. లైనుకు కలిపే ఖర్చులో 75 శాతం గ్యాసు లైను యజమానిది, 25 శాతం ప్లాంటుది, దూరం కిలోమీటరు లోపైతే ప్లాంటు వాటాకు 2.5 లక్షల యూరోల గరిష్ఠ పరిమితి. వాసన కలపడం, ఉష్ణ విలువను సరిచూడడం, కొలవడం లైను యజమాని బాధ్యత. ఆ ఖర్చు చివరికి వినియోగదారుల బిల్లులోకే వస్తుంది కదా అంటే, వస్తుంది. లక్షల మంది మీద పరుచుకున్న చిన్న మొత్తంగా వస్తుంది. ఒక ఊరి మీద పేలుడుగా రావడం కన్నా అది మేలు. చిన్న ప్లాంటుకు ఇవ్వాల్సిన రాయితీ ఇదే. శుద్ధి యంత్రానికీ కొలత యంత్రానికీ డబ్బివ్వండి, నాలుగైదు ప్లాంట్లకు కలిపి ఒక శుద్ధి కేంద్రం కట్టివ్వండి.

ప్రతి బయోగ్యాస్ చుక్కా పైపులోకి ఎక్కితీరాలన్న పట్టుదల ఎందుకో కూడా నాకు అర్థం కాదు. ఆలూరు లాంటి మెట్ట ప్రాంతమే అయిన బాగేపల్లి చుట్టుపక్కల, ఉమ్మడి అనంతపురం సరిహద్దు దాటగానే తెలుగు మాట్లాడే కర్ణాటక ప్రాంతంలో, 5,500 ఇళ్లకు రెండేసి ఘనమీటర్ల గోబర్ గ్యాస్ యూనిట్లు పెట్టే పథకం 2005లోనే ఐక్యరాజ్యసమితి కర్బన పథకంలో నమోదైంది. పేడ ఇంటిదే, గ్యాసు ఇంటిదే, ఎరువు చేనిదే. దానికి ఐఎస్ 16087తో పని లేదు, వెడల్పు జెట్ ఉన్న స్టవ్వు చాలు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల చెత్త నుంచి తీసే గ్యాసుతో కరెంటు పుట్టిస్తున్నారు, క్యాంటీన్‌లో వంట చేస్తున్నారు. పత్తికొండ టమాటా మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడు రోడ్డు మీద పారబోసే కాయలకు ఇంతకన్నా మంచి దారి కనిపించదు. పుట్టిన చోటే వాడుకునే గ్యాసుకు కడుగుడు తక్కువ, ఖర్చు తక్కువ, ప్రమాదమూ పరిమితం. ఇతరుల ఇళ్ల మధ్యనుంచి పోయే గొట్టంలోకి పంపుతామంటేనే కఠిన నిబంధన అడ్డొస్తుంది. అక్కడ అది అడ్డు రావాలి కూడా.

కాబట్టి ఆలూరు, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి ఊళ్లలో గ్యాసు ప్లాంటు కోసం భూమి లీజు కాగితాలతో ఎవరైనా వస్తే ఎకరాకు ఎంతిస్తారన్న ప్రశ్నతో ఆగిపోవద్దు. తేమ, గంధకం, ఆక్సిజన్ కొలిచే యంత్రం ఎవరి ఖర్చుతో పెడతారు, దాని రీడింగు రోజూ గ్రామ సచివాలయంలో కనబడుతుందా, అంకె హద్దు దాటిన క్షణం వాల్వు దానంతటదే మూసుకుంటుందా అని అడగండి. ఈ మూడింటికీ ఒప్పందంలో రాతపూర్వకంగా జవాబు ఇచ్చేదాకా సంతకం పెట్టకండి.